శక్తినగర్ పొగకు సరిహద్దు లేదు: థర్మల్ కేంద్రం సమర్థతను ఏ కొలతతో చూడాలి?

రాయచూరు జిల్లాలోని శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం కృష్ణానదికి దక్షిణపు గట్టున ఉంది. ఉత్తరపు గట్టు తెలంగాణలోని నారాయణపేట జిల్లా కృష్ణ మండలానిది. గట్లను రెండు రాష్ట్రాలు పాలిస్తున్నాయి. పొగ మాత్రం ఒక్కటే. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి ఈశాన్య దిశగా వీస్తుంది గనుక అది నది దాటి తెలంగాణ పల్లెలవైపు సాగుతుంది. శీతకాలంలో గాలి మళ్లి, దక్షిణాన, నైరుతిన ఉన్న రాయచూరు తాలూకా గ్రామాలకు చేరుతుంది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద, విచ్చిన పత్తి మీద బూడిద ఎటువైపు పడుతుందన్నది ఎవరి ఓటు ఏ రాష్ట్రంలో ఉందనే దానిని బట్టి గాక, ఏ నెల నడుస్తోందనే దానిని బట్టి ఉంటుంది.

1985లో 210 మెగావాట్ల తొలి యూనిట్‌తో ఉత్పత్తి ఆరంభించిన ఈ కేంద్రం, 2010 నాటికి ఏడు 210 మెగావాట్ల యూనిట్లతో, ఒక 250 మెగావాట్ల యూనిట్‌తో మొత్తం 1720 మెగావాట్లకు పెరిగింది. రాయచూరు పట్టణ శివారున ఉన్న యరమరస్‌లో 800 మెగావాట్ల యూనిట్లు మరి రెండు 2017లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. అంటే ఒక్క జిల్లాలోనే 3320 మెగావాట్ల బొగ్గు విద్యుత్ సామర్థ్యం ఉంది. కర్ణాటక వెలుగులో ఈ జిల్లా వాటా చిన్నది కాదు. అయితే ఇంతటి కేంద్రాలు బాగా పనిచేస్తున్నాయా లేదా అన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి ప్రజలకు అందుతున్న సమాధానం ఒకే ఒక అంకె. దాని పేరు ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్, క్లుప్తంగా పీఎల్ఎఫ్.

ఆ అంకెలో చిక్కు లేదు. 210 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తి శక్తితో నడిస్తే 50 లక్షల 40 వేల యూనిట్ల విద్యుత్తు రావాలి. 40 లక్షల 32 వేల యూనిట్లు వస్తే పీఎల్ఎఫ్ 80 శాతం. ఎద్దు రోజుకు ఎంత దున్నిందో చెప్పే లెక్క వంటిది ఇది. ఎంత మేత తిన్నదో, ఎంత నీరు తాగిందో చెప్పదు. పైగా నేటి పరిస్థితులలో పీఎల్ఎఫ్ తగ్గినంత మాత్రాన కేంద్రాన్ని తప్పుపట్టడానికి కూడా వీలులేదు. పావగడ వంటి చోట్ల సౌర విద్యుత్తు వెల్లువెత్తే మధ్యాహ్న వేళ, జలాశయాలు నిండిన వర్షాకాలంలో, ఉత్పత్తి తగ్గించుకోవలసిందిగా థర్మల్ కేంద్రాలకు ఆదేశాలు వస్తాయి. సిద్ధంగా ఉన్నా నడవనక్కరలేని పరిస్థితి అది. అందుచేతనే స్థిర ఛార్జీల చెల్లింపునకు నియంత్రణ సంఘాలు పీఎల్ఎఫ్‌ను గాక, యూనిట్ ఎంతకాలం సిద్ధంగా ఉన్నదన్న లభ్యతను ఆధారంగా తీసుకుంటున్నాయి.

బొగ్గు లెక్కే అసలు లెక్క

సరిహద్దు గ్రామాలకు నిజంగా పనికివచ్చే కొలత మరొకటి ఉంది. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టించడానికి ఎంత వేడి ఖర్చయిందో చెప్పే కొలత అది. ఇంజనీర్లు దానిని హీట్ రేట్ అంటారు. ఒక యూనిట్ విద్యుత్తులో ఉన్న శక్తి 860 కిలోకెలోరీలకు సమానం. బొగ్గులోని వేడి అంతా విద్యుత్తుగా మారగలిగితే 860తోనే పని జరిగిపోవాలి. అలా జరగదు. టర్బైను తిప్పి వచ్చిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సరు దగ్గరే దాదాపు సగం వేడి పోతుంది. మరికొంత పొగగొట్టం గుండా, ఇంకొంత కాలకుండా మిగిలిన బొగ్గు రూపంలో పోతుంది. 200 నుంచి 250 మెగావాట్ల తరగతి యూనిట్లకు కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం 2009లో 2500 కిలోకెలోరీల పరిమితి విధించింది. 2014లో దానిని 2450కి, 2019లో 2430కి తగ్గించింది. 860ని 2430తో భాగిస్తే సుమారు 35 శాతం వస్తుంది. నూరు బస్తాల బొగ్గు కాలిస్తే ముప్పై అయిదు బస్తాల శక్తి మాత్రమే తీగలలోకి ఎక్కుతుందని అర్థం. యరమరస్ వంటి సూపర్‌క్రిటికల్ యూనిట్లలో ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత ఎక్కువ గనుక ఆ శాతం మరికొంత మెరుగ్గా ఉంటుంది.

ఈ హీట్ రేట్ పల్లెవాసికి ఎందుకు? ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. ఇది ఏ ఒక్క కేంద్రపు రికార్డూ కాదు, కాగితం మీద ఎవరైనా వేసుకోదగిన లెక్క. కిలోకు 3600 కిలోకెలోరీల వేడి, 36 శాతం బూడిద ఉన్న బొగ్గును తీసుకుందాం. 210 మెగావాట్ల యూనిట్ 2400 హీట్ రేట్‌తో రోజంతా నిండుగా నడిస్తే సుమారు 3360 టన్నుల బొగ్గు కావాలి. అదే యూనిట్ అరిగి, మరమ్మతులు వెనుకబడి 2600కు దిగజారితే 3640 టన్నులు కావాలి. విద్యుత్తు ఒక్క యూనిట్ కూడా పెరగలేదు. బొగ్గు మాత్రం రోజుకు 280 టన్నులు అదనం. దానితోపాటు రోజుకు నూరు టన్నుల బూడిద అదనం. బొగ్గులో గంధకం అర శాతం అనుకుంటే, అదనంగా గాలిలో కలిసే సల్ఫర్ డయాక్సైడు సుమారు మూడు టన్నులు. పీఎల్ఎఫ్ పట్టికలో ఈ రెండు పరిస్థితులూ ఒకేలా కనిపిస్తాయి. బూడిద చెరువు గట్టున ఉన్న ఊరికి మాత్రం తేడా తెలుస్తుంది. యంత్రం పనితీరునూ పర్యావరణాన్నీ రెండు వేర్వేరు అధ్యాయాలుగా రాసే నివేదికలు ఈ ఒక్క సంగతినే మరుగుపరుస్తాయి. బాయిలరు దగ్గర జరిగే వృథా ఊరిలో బూడిదగా తేలుతుంది.

కేంద్రం తన సొంత అవసరాలకు వాడుకునే విద్యుత్తునూ ఈ లెక్కలో చేర్చాలి. బొగ్గు దంచే మిల్లులు, నీటి పంపులు, భారీ ఫ్యాన్లు నడవడానికి 210 మెగావాట్ల తరగతిలో ఉత్పత్తిలో 8.5 శాతం వరకు ఖర్చవుతుందని నియంత్రణ సంఘం అంగీకరించింది. 50 లక్షల 40 వేల యూనిట్లలో నాలుగు లక్షలకు పైగా గేటు దాటకుండానే ఖర్చయిపోతాయి. కనుక పుట్టిన యూనిట్‌కు కాక, గేటు దాటిన యూనిట్‌కు ఎంత బొగ్గు అని అడగడం న్యాయం. ఇంధన సామర్థ్య బ్యూరో 2012లో ఆరంభించిన పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్ పథకం థర్మల్ కేంద్రాలకు లక్ష్యాలు విధించినప్పుడు ఈ నికర హీట్ రేట్‌నే ప్రమాణంగా తీసుకుంది.

అయితే ఈ కొలతకూ ఒక లొసుగు ఉంది. హీట్ రేట్‌ను థర్మామీటరు పెట్టి చూడరు. కాల్చిన బొగ్గు బరువును, ఆ బొగ్గు వేడి విలువను గుణించి, వచ్చిన యూనిట్లతో భాగిస్తారు. బరువు తూకంలో తేలుతుంది. వేడి విలువ మాత్రం వాగన్ల నుంచి తీసిన గుప్పెడు నమూనా మీద ఆధారపడుతుంది. యూనిట్‌కు 722 గ్రాముల బొగ్గు కాలిందనుకుందాం. నమూనా విలువ 3600 అయితే హీట్ రేట్ 2600. అదే నమూనా 3370 అని తేలితే హీట్ రేట్ దాదాపు 2430, అంటే పరిమితికి సరిగ్గా సరిపోతుంది! బాయిలరులో ఒక్క గొట్టమూ మారలేదు, కాలిన బొగ్గులో ఒక్క గ్రామూ తగ్గలేదు. శక్తినగర్‌కు సింగరేణి నుంచి, మహానది కోల్‌ఫీల్డ్స్ నుంచి, వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ నుంచి రైలు మీద బొగ్గు వస్తుంది. గని దగ్గర ఒక గ్రేడు, ప్లాంటు దగ్గర మరో గ్రేడు అన్న వివాదం దేశమంతటా పాతదే. మూడో పక్షం చేత నమూనాలు తీయించే పద్ధతి వచ్చినా ఆ వివాదం పూర్తిగా సమసిపోలేదు. అందుచేత హీట్ రేట్ అంకెను ఒంటరిగా నమ్మరాదు. పక్కనే యూనిట్‌కు ఎన్ని గ్రాముల బొగ్గు, ఆ బొగ్గులో బూడిద ఎంత శాతం అన్న రెండు అంకెలు ఉంటే తప్ప నిజం పట్టుబడదు.

కాలిన బూడిదలో మిగిలిపోయిన బొగ్గు శాతం మరొక మంచి ఆనవాలు. అది ఎక్కువగా ఉంటే మిల్లు బొగ్గును సరిగా దంచలేదనో, బాయిలరులో గాలి పాళ్లు కుదరలేదనో అర్థం. భారతీయ ప్రమాణాల ప్రకారం సిమెంటులో కలిపే బూడిదను మండించినప్పుడు తగ్గే బరువు 5 శాతానికి మించరాదు. అంటే సరిగా కాలని బూడిదను సిమెంటు కంపెనీలు తీసుకోవు. అది తిరిగి చెరువుకే చేరుతుంది.

తొంభైతొమ్మిదిన్నర శాతం అంటే ఎంత?

పొగలోని బూడిదను పట్టే విద్యుత్ అవక్షేపక యంత్రాన్ని ఈఎస్‌పీ అంటారు. దాని సామర్థ్యం 99.8 శాతం అని ఒకచోట, 99.5 శాతం అని మరొకచోట రాసి ఉంటే రెండూ దాదాపు ఒకటే కదా అనిపిస్తుంది. ఉదాహరణలోని యూనిట్‌నే చూద్దాం. 2600 హీట్ రేట్ దగ్గర రోజుకు 1310 టన్నుల బూడిద. అందులో అయిదింట నాలుగు వంతులు, అంటే సుమారు 1050 టన్నులు పొగతోపాటు పైకి లేస్తుంది. 99.8 శాతం పట్టుబడితే రెండు టన్నులు గాలిలోకి పోతాయి. 99.5 అయితే అయిదు టన్నులు దాటుతాయి. అంకెలో కనిపించేది 0.3 తేడా, ఊరి మీద పడేది రెండున్నర రెట్లు. కాబట్టి పట్టుబడినది ఎంత అన్న ప్రశ్న కాక, తప్పించుకుపోయినది ఎంత అన్న ప్రశ్న వేయాలి.

ఆ ప్రశ్నకు చట్టం 2015 డిసెంబరు 7న సమాధానం ఇచ్చింది. 2003 డిసెంబరు 31కి ముందు నెలకొన్న యూనిట్ల పొగలో ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, 2004 నుంచి 2016 వరకు నెలకొన్నవాటికి 50, 2017 జనవరి నుంచి వచ్చినవాటికి 30 మిల్లీగ్రాముల ధూళి పరిమితి. శక్తినగర్‌లోని ఏడు 210 మెగావాట్ల యూనిట్లు మొదటి తరగతికి, 2010 నాటి ఎనిమిదో యూనిట్ రెండో తరగతికి చెందుతాయి. ఒకే ఆవరణలో, పక్కపక్క గొట్టాలకు రెండు న్యాయాలు! పొగలో గాలి ఎక్కువగా కలిస్తే ధూళి పలుచబడి అంకె తగ్గుతుంది గనుక, ఆక్సిజన్ 6 శాతం ఉన్న స్థితికి సరిచేసి చెప్పాలన్న నియమం కూడా ఉంది. పలుచని మజ్జిగలో వెన్న తక్కువ కనబడినట్టే ఇది. సరిదిద్దని అంకె లెక్కలోకి రాదు.

యూనిట్‌ను మళ్లీ వెలిగించే రోజులు ప్రత్యేకంగా గమనించదగినవి. చల్లబడిన బాయిలరును మొదట నూనెతో మండిస్తారు. ఆ సమయంలో నూనె మసి ఈఎస్‌పీలో అంటుకుంటుందన్న జాగ్రత్తతో దానిని పూర్తిగా నడపరు. పల్లెలకు అప్పుడప్పుడు కనబడే నల్లని పొగకు చాలాసార్లు కారణమిదే. సౌర విద్యుత్తు పెరిగినకొద్దీ థర్మల్ యూనిట్లను తగ్గించడం, ఆపడం, తిరిగి వెలిగించడం పెరుగుతున్నాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనలు యూనిట్లు 55 శాతం భారానికి దిగి నడవగలగాలనీ, దశలవారీగా 40 శాతానికి కూడా దిగగలగాలనీ కోరుతున్నాయి. తక్కువ భారం మీద నడిచే యూనిట్‌కు హీట్ రేట్ చెడుతుంది. సౌర విద్యుత్తు మేలును కాదనలేము. కానీ ఆ మేలుకు పాత యూనిట్ల పక్కన ఉన్న ఊళ్లు చెల్లిస్తున్న వెల ఏ సగటులోనూ కనబడదు. నెల సగటు పరిమితి లోపల ఉండవచ్చు, వెలిగించిన ఆ ఒక్క పూట ఉండకపోవచ్చు.

సల్ఫర్ డయాక్సైడు కథ మరో దారి పట్టింది. 2015 నిబంధన అన్ని కేంద్రాలకూ వర్తించింది. గడువు 2017 నుంచి 2022కు, ఆపైన మరికొన్నిసార్లు జరిగింది. 2021లో కేంద్రాలను మూడు తరగతులుగా విభజించారు. జాతీయ రాజధాని ప్రాంతానికి గాని, పదిలక్షల జనాభా గల నగరాలకు గాని పది కిలోమీటర్ల లోపున ఉన్నవి మొదటి తరగతి, తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకు పది కిలోమీటర్ల లోపున ఉన్నవి రెండవది, మిగిలినవన్నీ మూడవది. 2025 జులై 11 నాటి ప్రకటన మొదటి తరగతికి 2027 డిసెంబరు వరకు గడువు ఇచ్చి, రెండవ తరగతిని ఒక్కొక్క కేంద్రంగా పరిశీలిస్తామని చెప్పి, మూడవ తరగతిని పొగగొట్టం ఎత్తు నియమం పాటించాలన్న షరతు మీద మినహాయించింది. దేశపు బొగ్గు విద్యుత్ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులకు పైగా ఈ మూడవ తరగతిలోనే ఉంది. మన బొగ్గులో గంధకం తక్కువ, శుద్ధి యంత్రాలకు ఖర్చు ఎక్కువ, అవి తామే విద్యుత్తును తింటాయి అన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కానీ దూరాన్ని నగరం నుంచే కొలిచారు, పల్లె నుంచి కొలవలేదు. ఎత్తయిన గొట్టం పొగను తగ్గించదు, దూరంగా పంపుతుంది. 220 మీటర్ల గొట్టం నీడలో ఉన్న ఊరు కాస్త తెరిపిన పడితే, ఆ పొగ నది దాటి మరో ఊరిని చేరుతుంది.

బూడిద, నీరు

బూడిద వినియోగం నూరు శాతం అని చదివినప్పుడు సిమెంటూ ఇటుకలూ కళ్ల ముందు మెదులుతాయి. 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన ప్రకారం కేంద్రాలు మూడు నుంచి అయిదేళ్ల వ్యవధిలో నూరు శాతం సాధించాలి. సాధించనిచోట టన్నుకు వెయ్యి రూపాయల పర్యావరణ పరిహారం చెల్లించాలి. అయితే పల్లపు భూములను నింపడం, పాత గనులను పూడ్చడం కూడా అదే ప్రకటన కింద వినియోగమే. కుంటను బూడిదతో నింపినా, ఇటుక చేసి గోడ కట్టినా పట్టికలో ఒకే గడి. గ్రామానికి ఆ రెండూ ఒకటి కావు. నింపిన చోట భూగర్భ జలం ఏమైందో, పైన మట్టి పొర వేశారో లేదో శాతం చెప్పదు. కాబట్టి ఎంత శాతం అన్నదానికంటే దేనికి, ఎక్కడ అన్నదే అడగవలసిన ప్రశ్న.

నీటికి 2015 నిబంధన పాత కేంద్రాలలో మెగావాట్ గంటకు మూడున్నర ఘనపు మీటర్ల పరిమితి పెట్టింది. యూనిట్ విద్యుత్తుకు మూడున్నర లీటర్లు అన్నమాట. ఉదాహరణలోని 210 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే రోజుకు కోటీ 76 లక్షల లీటర్లు. వేసవిలో కృష్ణ చిక్కిపోయినప్పుడు తాగునీరు, సాగునీరు, విద్యుత్ కేంద్రం మూడూ ఒకే పాయ దగ్గర నిలబడతాయి. మహారాష్ట్రలోని పర్లి థర్మల్ కేంద్రం 2013 కరవులో నీరు లేక మూతపడిన ఉదంతం ఇందుకు హెచ్చరిక. అక్కడ యంత్రాలలో లోపం లేదు, బొగ్గూ ఉంది, నీరే లేదు.

ఎవరిని అడగాలి?

శక్తినగర్‌కు అనుమతులు ఇచ్చేది, నమూనాలు తీసేది కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి. తెలంగాణ మండలికి నది దాటి ఆదేశించే అధికారం లేదు. చట్టానికి సరిహద్దు సంగతి తెలియదనలేము. 2006 పర్యావరణ ప్రభావ ప్రకటన రాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా వచ్చే ప్రాజెక్టులను రాష్ట్రస్థాయిలో గాక కేంద్రస్థాయిలో పరిశీలించాలని చెప్పింది. అయితే అది అనుమతి ఇచ్చేనాటి జాగ్రత్త. ఆ తరువాత ముప్పై, నలభై ఏళ్ల నడకను కొలిచే బాధ్యత ఒకే గట్టున మిగిలిపోతుంది. రెండు రాష్ట్రాలనూ కలిపి వినగల వేదిక జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండలం. అది చెన్నైలో ఉంది.

ఊరికి అందుబాటులో ఉన్న కాగితం ఒకటుంది. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం ప్రతి కేంద్రమూ ఏటా సెప్టెంబరు 30 లోపు పర్యావరణ నివేదికను ఫారం 5లో మండలికి సమర్పించాలి. యూనిట్ ఉత్పత్తికి ఎంత నీరు, ఎంత ముడిసరుకు ఖర్చయిందో, ఎంత వ్యర్థం వచ్చిందో, ముందటి ఏడాదితో పోల్చి అందులో రాయాలి. పైన వేసిన లెక్కలు వేయడానికి కావలసిన అంకెలలో చాలా భాగం ఆ ఒక్క ఫారంలోనే ఉంటుంది. పొగగొట్టాలకు అమర్చిన నిరంతర కొలత యంత్రాల రికార్డు మరొకటి. దానిలో సగటు కాక గంటవారీ అంకెలను, యూనిట్ వెలిగించిన తేదీలతోపాటు అడగాలి.

సమాచార హక్కు చట్టం పౌరులందరిదీ. కృష్ణ మండలంలోని రైతు కర్ణాటక మండలికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలన్నది చట్టం మాట. బెంగళూరు కార్యాలయానికి తెలుగులో రాస్తే తిరస్కరించే వీలుంది. కర్ణాటక నియమాలు దరఖాస్తును ఒకే విషయానికి, 150 పదాలకు పరిమితం చేశాయి కూడా. కనుక నీటికి ఒకటి, బూడిదకు ఒకటి, పొగకు ఒకటిగా మూడు వేర్వేరు దరఖాస్తులు వేయక తప్పదు. ఉత్తరపు గట్టు ఇళ్లలో కన్నడం రాయగల కోడళ్లకు కొదవలేదు. రాయచూరు వైపు నుంచి వచ్చినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పాత బూడిద చెరువులను ఖాళీ చేయడానికి 2021 ప్రకటన ఇచ్చిన పదేళ్ల గడువు 2022 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. మొదటి దరఖాస్తు ఆ చెరువుల లెక్కమీదే పెట్టుకోవచ్చు.